డోరీన్‌కీ పుడ్డింగ్‌కీ ఇల్లు కావలెను

హెక్‌థార్ప్,
మే 3, 1986

మిసెస్ హిల్డా సగ్డెన్ గారికి,

వాల్టర్ ఓల్డ్‌రాయిడ్ నమస్కరించి రాస్తున్నది. మీరు నన్నెరగరు. కోళ్ళ దాణా కొట్టు అద్దానికి మీరంటించిన కాయితం చూసి రాస్తున్నాను. “ఎవరో వదిలేస్తే చేరదీసిన, కుందేళ్ళు పట్టే ఫెర్రెట్లు రెండు, ఒక ఆడది, ఒక మగది. విడదీసి ఇవ్వబడవు. కడదాకా ఉంచుకునేవాళ్ళే రాయాలి. సరదారాయుళ్ళు దయచేయనక్కర్లేదు” అని ఉంది. నేను సరదా మనిషిని కాను. ఆ మాట మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు.

తీసుకోవాలనే ఉంది. కాకపోతే ముందే కొన్ని తెలుసుకోవాలి. వాటికి పళ్ళన్నీ ఉన్నాయా? ఉంటే, ఊరికే కొరుకుతాయా, కారణం ఉంటేనే కొరుకుతాయా? చీకట్లో, ఇరుకులో, మనిషి కాళ్ళని ఆనుకుని కదలకుండా ఎంతసేపు ఉండగలవు? రెండూ ఒకేచోట ఇరుక్కుంటే పోట్లాడుకుంటాయా? పైన మందపాటి ఉన్నిగుడ్డ ఉంటుంది, గాలి కొంచెం తక్కువే ఆడుతుంది. అందుకు ఒప్పుకుంటాయా?

ఇవన్నీ మీకు చిన్న విషయాలుగా తోచవచ్చు. మాకు మాత్రం ఇవే ముఖ్యం.

ఇట్లు,
విధేయుడు,
వాల్టర్ ఓల్డ్‌రాయిడ్

తా.క. గుడ్డ గురించి మీరు బెంగపెట్టుకోనక్కర్లేదు. రిటైరయ్యేదాకా నేను చేసింది పంట్లాలు కుట్టడమే. మంచి అస్తరు వేస్తాను.


నెదర్ స్కెల్బీ,
మే 6

మిస్టర్ ఓల్డ్‌రాయిడ్ గారికి,

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి నిలబడి చదివాను.

ముందు నా సంగతి చెబుతాను. పెరటి షెడ్డులో ఫెర్రెట్లని చేరదీసి, మంచి ఇల్లు చూసి పంపడం నా పని. కుందేళ్ళ బొరియలోకి దింపి, అది ఎంతకీ పైకి రాకపోతే వదిలేసి ఇంటికి పోయే వేటగాళ్ళున్నారు. పిల్లలు ముచ్చటపడ్డారని కొని, ఇల్లంతా కంపు కొడుతోందని గోనెసంచిలో మూతికట్టి నా గుమ్మంలో పెట్టి పోయే పెద్దమనుషులున్నారు. వాళ్ళవన్నీ నా దగ్గరికే చేరతాయి. ఇప్పుడు నాకు తుంటి ఎముక అరిగిపోయింది, వంగలేను. జూన్ ఆఖర్న ఇల్లు ఖాళీ చేసి ఫైలీలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను. అల్లుడికి బొచ్చు పడదు, ఒకటే తుమ్ములు. మిగతావాటన్నిటికీ ఇళ్ళు దొరికాయి. మిగిలింది ఈ ఇద్దరే.

డోరీన్ ఆడది. ముంగిసలా సన్నగా, పొడుగ్గా, గోధుమరంగులో ఉంటుంది. నోరు మంచిది కాదు. పుడ్డింగ్ మగాడు. తెల్లగా, లావుగా ఉంటాడు. ఒక కన్ను లేదు. మెదడు ఉందని నేను హామీ ఇవ్వలేను. డోరీన్ కనబడకపోతే ముద్ద ముట్టడు. ఇదివరకు తీసుకెళ్ళిన వాళ్ళందరూ “అబ్బే, మాకు చాలా ఇష్టమండీ” అంటూనే వెనక్కి తెచ్చేశారు. ఒకావిడైతే తను రాకుండా పాలబండివాడితో పంపింది.

పళ్ళన్నీ ఉన్నాయి. డోరీన్‌కి మామూలుకంటే కొన్ని ఎక్కువే ఉన్నాయేమోనని నా అనుమానం. ఇక ఆ ఇరుకు, ఆ చీకటి, ఆ కాళ్ళు, అదంతా నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోతేనే బాగుండునని కూడా ఉంది. వివరంగా రాయండి.

ఇట్లు,
హిల్డా సగ్డెన్

తా.క. ఊరికే అడుగుతున్నాను. మీరు పంట్లానికి బెల్టు పెడతారా, భుజాల మీంచి పట్టీలా?


హెక్‌థార్ప్,
మే 9

గౌరవనీయులైన మిసెస్ సగ్డెన్ గారికి,

తుంటినొప్పి సంగతి విని విచారించాను. ఇటుక వేడిచేసి ఫ్లానెల్ గుడ్డలో చుట్టి పెట్టుకుంటే కొంత నయం.

మీరడిగారు కనుక, పట్టీలే. బెల్టు బిగిస్తే లోపల దేనికీ ఊపిరాడదు. ఇది నా జీవితకాలపు అభిప్రాయం.

పళ్ళున్నందుకు సంతోషం. బోసినోటిదాన్ని తెస్తే మా ఇంట్లో ఒప్పుకోరు, ఇదీ ఒక ఫెర్రెట్టేనా అంటారు. కాకపోతే ఆ చోట చర్మం బాగా పల్చన. గాయమైతే తొందరగా మానదు. అందుకని అడిగాను, వేరే ఉద్దేశం లేదు.

మా ఇంటికి ఇది కొత్తేమీ కాదు. మా నాన్నగారున్న రోజుల్లో సాయంత్రం టీ అయ్యాక రెండు ఫెర్రెట్లు కాళ్ళ మధ్యకి చేరేవి. పడుకునే వేళదాకా అక్కణ్ణుంచి కదిలేవి కావు. ఒక్కసారైనా కరిచినట్టు నాకు గుర్తులేదు. చూడవచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. ఆ ఆనవాయితీ మా ఇంట్లో మళ్ళీ మొదలవ్వాలని నా కోరిక. కుట్టుపని ఇప్పటికే సగం పూర్తయింది.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
విధేయుడు,
వాల్టర్ ఓల్డ్‌రాయిడ్

తా.క. మీరు భయపడుతున్నంత ఇరుకు కాదు. మోకాలి దగ్గర బాగా వదులు పెట్టాను. అడుగున మాత్రం గట్టిగా బిగించక తప్పదు. లేకపోతే జారి బయటపడతాయి.


నెదర్ స్కెల్బీ,
మే 12

ఓల్డ్‌రాయిడ్ గారూ,

ఇకమీదట “మిస్టర్” ఉండదు. దానికీ ఒక అర్హత ఉండాలి.

నేను బార్న్‌స్లీ పక్కన పుట్టి పెరిగినదాన్ని. నా చెవిలో పువ్వులు పెట్టకండి. మన మగమహారాజుల పిచ్చి నాకు తెలీదనుకున్నారా? పబ్బులో పీకలదాకా బీరు పట్టించి, పంట్లాం కాళ్ళు చీలమండల దగ్గర తాడేసి బిగించి, బతికున్న ఫెర్రెట్లు రెండింటిని లోపలికి వదిలి, నడుం దగ్గర కట్టేసుకుని, ఎవడు ఎక్కువసేపు కిక్కురుమనకుండా నిలబడితే వాడికి కప్పు ఇవ్వడం! ఫెర్రెట్‌కి పళ్ళన్నీ ఉండాలి, అది నియమం. లోపల ఇంకేమీ తొడుక్కోకూడదు, అదీ నియమం. మీరు మొదటి ఉత్తరంలోనే పళ్ళ సంగతి అడిగారు. రెండోదాంట్లో అడుగున బిగిస్తానన్నారు. “ఆ చోట చర్మం పల్చన” అని కూడా రాశారు. ఆడకూతురికి రాసే మాటలేనా అవి? పైగా మీ నాన్నగారు టీ తాగి నిలబడితే పడుకునేదాకా నిలబడ్డారని గొప్పలొకటి. నిప్పు లేనిదే పొగ రాదు. మీ ఉత్తరంలో పొగ కాదు, మంటే కనబడుతోంది.

మా ఆయన సిరిల్, ఆయన ఆత్మకి శాంతి కలగాలి, పెళ్ళైన కొత్తలో ఇలాంటి పందెంలోనే నిలబడ్డాడు. ఎక్కువసేపు నిలబడలేదు. కుట్లు ఎక్కడ పడ్డాయో నేను రాయను. డాక్టరుగారు మర్యాదస్థుడు, చీటీలో “తొడ” అని రాసిచ్చారు. ఊరు ఊరంతా వచ్చి సిరిల్ మీద జాలిపడ్డారు. ఆ ఫెర్రెట్ ఎలా ఉందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అది మూలన నక్కి వణుకుతోంది. దాన్ని నా గౌనులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఈ షెడ్డు అలా మొదలైంది. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అంటారే, మీ ఆటలన్నీ అలాంటివే.

నా పిల్లలు మీ పంట్లాంలోకి రారు. ఇక రాయకండి.

హిల్డా సగ్డెన్

తా.క. నాకేదో ఆసక్తి ఉండి కాదు గానీ, మీ నాన్నగారు నిజంగా పడుకునేదాకా నిలబడ్డారా? సిరిల్ బతికుంటే నమ్మేవాడు కాదు.


హెక్‌థార్ప్,
మే 15

మిసెస్ సగ్డెన్ గారికి,

మీ ఉత్తరం చదివాక లేచివెళ్ళి కాసేపు మొక్కలకి నీళ్ళు పోశాను. బయట వాన పడుతోంది. అయినా పోశాను.

మీరు రాయవద్దన్నారు. కానీ ఇంత నింద మోస్తూ ఊరుకోలేను. నాకు ఫెర్రెట్లంటే చచ్చేంత భయం. ఈ రోజు వచ్చింది కాదు, చిన్నప్పటి నుంచీ ఉంది. అలాంటివాణ్ణి, వాటిని తీసుకెళ్ళి మీరు చెప్పిన చోట పెట్టుకుంటానా? నేను చాపెల్‌లో హార్మోనియం వాయిస్తాను. కూర్చుని వాయించాలి.

దాపరికం నాకు చేతకాదు. మీకు వేరే ఎవరో చెప్పేలోపు ఒక సంగతి నేనే చెబుతాను. నేను కుట్టిన పంట్లాలు కొన్ని ఆ పందేలకి వెళ్ళిన మాట నిజమే. తెల్లగుడ్డ. రక్తం బాగా కనబడాలని తెల్లదే కావాలనేవారు. ఎందుకని అడగడం దర్జీ ధర్మం కాదు. కొలతలు తీసుకోవడం వరకే మన పని.

ఇప్పుడు కుడుతున్నది మాత్రం నా కోసం కాదు. మా ఇంట్లో ఒక పెద్దావిడ ఉన్నారు. ఇదంతా ఆవిడ కోసమే. ఇంటిగుట్టు పరాయివాళ్ళకి రాయడం మా వంశంలో లేదు కనుక ఇంతకంటే వివరించలేను. ఈపాటికి మీ మనసు కుదుటపడి ఉంటుందని తలుస్తాను.

ఇట్లు,
వాల్టర్ ఓల్డ్‌రాయిడ్

తా.క. ఆవిడ వయసు ఎనభై తొమ్మిది. చర్మం సంగతి అడిగింది అందుకే.


నెదర్ స్కెల్బీ,
మే 17

వాల్టర్ ఓల్డ్‌రాయిడ్‌కి,

ఎనభై తొమ్మిది!

మగాళ్ళకి సిగ్గు ఎప్పుడో పోయింది, సరే. పండుముసలావిడకి పంట్లాం తొడిగి పందెంలో నిలబెడతావా నువ్వు? కోపంలో “నువ్వు” అనేస్తున్నాను, దిద్ది మళ్ళీ రాసే ఓపిక లేదు. ఆవిడ కోసమేనట! ఆ వయసులో మనుషులు ఏవేవో కోరతారు. మా అత్తగారు మంచాన పడ్డాక బ్రాస్ బ్యాండులో ట్రాంబోన్ వాయిస్తానని ఒకటే గొడవ. అడిగిందల్లా ఇచ్చేస్తామా? మేం ఇచ్చామనుకో, అది వేరే సంగతి. దానివల్ల ఎవరికీ కుట్లు పడలేదు.

మీ చాపెల్ పాస్టరుగారికి ఉత్తరం రాసి కవరులో పెట్టాను. స్టాంపు కూడా అంటించాను. అంటించిన స్టాంపు వృథా చేసే మనిషిని కాను నేను.

నిన్న పెనిస్టన్ నుంచి ఒకాయన వచ్చాడు. కుందేళ్ళ వేటకి డోరీన్ ఒక్కతే కావాలట. పుడ్డింగ్‌ని చూసి “ఇదెందుకు పనికొస్తుంది?” అన్నాడు.  డోరీన్ వెళ్ళిపోతే వాడు తిండి మానేస్తాడు. అప్పుడు వాణ్ణి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆ వెళ్ళడంలో తిరిగి తీసుకురావడం ఉండదు. ఆయనకి ఏ మాటా చెప్పకుండా పంపేశాను. మళ్ళీ వస్తానన్నాడు.

నిజం చెప్పనా? నీ మొదటి ఉత్తరం చూసి, పోనీలే, ఇద్దర్నీ కలిపి అడిగిన మనిషి ఒకడు దొరికాడని పొంగిపోయాను. అందుకే ఇంత మంటగా ఉంది నాకు.

హిల్డా సగ్డెన్

తా.క. ఆవిడ పంట్లాం రంగేమిటి?


హెక్‌థార్ప్,
మే 19

మిసెస్ సగ్డెన్ గారికి,

రంగు బూడిద. పంట్లాం కాదు. ఒళ్ళో పెట్టుకునే సంచి. ఇకమీదట గుట్టుగా రాయను. గుట్టు మన ఇద్దరికీ అచ్చిరాలేదు.

ఆ పెద్దావిడ మా అమ్మ, మేబెల్ ఓల్డ్‌రాయిడ్. మా నాన్న కుందేళ్ళు పట్టేవాడు. ఇంట్లో ఎప్పుడూ ఫెర్రెట్లు ఉండేవి. సాయంత్రం అవి అమ్మ ఒళ్ళో, ఏప్రాన్ కింద, మోకాళ్ళ మధ్య ముడుచుకుని పడుకునేవి. నేను చెప్పింది అమ్మ కాళ్ళ సంగతి. మా నాన్న జన్మలో ఏ పందెంలోనూ నిలబడలేదు. ఆయన కూర్చునే మనిషి.

నాన్న పోయాక అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. పై గదిలో ఉంటుంది. కాళ్ళు చచ్చుబడిపోయాయి, ఎప్పుడూ మంచుముక్కల్లా ఉంటాయి. వేడినీళ్ళ సీసా పెడితే తన్నేస్తుంది. చచ్చుబడ్డ కాళ్ళతో ఎలా తంతుందో డాక్టరుకి కూడా అంతుపట్టలేదు.

రోజూ సాయంత్రం టీ అయ్యాక పైనుంచి కేకేస్తుంది. “వాల్టర్, ఫెర్రెట్లకి తిండి పెట్టావా?” అని. మా ఇంట్లో ఫెర్రెట్లు లేవు. నేను మెట్లెక్కి గుమ్మం దగ్గర నిలబడి “పెట్టానమ్మా” అంటాను. “నీళ్ళో?” అంటుంది. “పెట్టాను” అంటాను. “సరే” అంటుంది. నేను కిందికొచ్చేస్తాను. మా అమ్మతో రోజు మొత్తానికి నేనాడే మాటలు అవే. అన్నీ అబద్ధాలే. ఆవిడకి మతి తప్పిందని బయటికి పొక్కితే కౌన్సిలువాళ్ళు వచ్చి వృద్ధాశ్రమానికి తీసుకుపోతారని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

ఆ అబద్ధాన్ని నిజం చేద్దామనుకున్నాను, అంతే. ఒక్క సాయంత్రమైనా “పెట్టాను” అని నిజంగా అనాలని ఉంది. అవి ఒళ్ళో ఉంటే అమ్మ మళ్ళీ మామూలు మనిషి అవుతుందేమోనని ఆశ. నాకు వాటిని ముట్టుకోవాలంటే భయమే. ఎలాగో పడతాను.

ఇట్లు,
వాల్టర్ ఓల్డ్‌రాయిడ్

తా.క. మా అమ్మ ఏనాడూ పంట్లాం వేసుకోలేదు. చాపెల్‌కి పంట్లాం వేసుకొచ్చిన ఆడవాళ్ళని ఆవిడ పలకరించదు కూడా. పాస్టరుగారికి రాసిన ఉత్తరంలో దయచేసి ఈ సంగతి చేర్చగలరు.


నెదర్ స్కెల్బీ,
మే 21

వాల్టర్‌గారూ,

ఆ ఉత్తరం పోస్టు చేయలేదు. కెటిల్ ఆవిరికి పట్టి స్టాంపు ఊడదీశాను. ఈ కవరు మీద ఉన్నది అదే.

క్షమించమని అడగడం నాకు రాదు. సిరిల్‌ని కూడా ఎప్పుడూ అడిగి ఎరగను, ఎప్పుడూ ఆయనే అడిగేవాడు. అందుకని బదులుగా అల్లం కేకు తెస్తాను. వచ్చే గురువారం మా మేనల్లుడి వ్యానులో బయల్దేరి వస్తున్నాను. డోరీన్, పుడ్డింగ్ నాతోపాటే వస్తారు. ఇల్లు కళ్ళారా చూడకుండా రాణీగారడిగినా ఇవ్వను.

మీరు చేయాల్సింది చెబుతాను. పొయ్యి వెనకాల కన్నాలన్నీ మూసెయ్యండి. తల పట్టిన చోట ఫెర్రెట్ మొత్తం పడుతుంది. సోఫా అడుగు గుడ్డ చిరిగి ఉంటే కుట్టేయండి, ఆ పని మీకు నేను నేర్పక్కర్లేదు. చెంచాలు, మేజోళ్ళు, కట్టుడుపళ్ళు ఎత్తుమీద పెట్టండి. దొంగ డోరీన్. పుడ్డింగ్ పాపం కూలివాడు, అది చూపించింది మోస్తాడు.

జూన్ ఆఖరుదాకా పరీక్ష. అప్పటికి మీ ఇంట్లో కుదురుకుంటే మీవే. లేదంటే నేనే వచ్చి తీసుకుపోతాను.

మీ అమ్మగారికి నమస్కారాలు.

హిల్డా సగ్డెన్

తా.క. భయమన్నారు కదా, డోరీన్‌కి భయం వాసన తెలిసిపోతుంది. ధైర్యం ఉన్నట్టు నటించకండి, దానికి నటన అసలు నచ్చదు. దళసరి మేజోళ్ళు వేసుకోండి.


హెక్‌థార్ప్,
జూన్ 14

హిల్డాగారికి,

మీరు వచ్చి వెళ్ళాక ఇక్కడి విశేషాలు రాస్తున్నాను.

అవి క్షేమం. నేను అంత క్షేమం కాదు గానీ బాగానే ఉన్నాను. డోరీన్ నా బొటనవేలు కొరికింది. కారణం ఉంటేనే కొరుకుతుందని వచ్చినప్పుడు మీరన్నారు, ఆ కారణం ఏమిటో ఇంకా వెతుకుతున్నాను. ఇంట్లో నేను సాధన చేసే హార్మోనియం అడుగున అమ్మ కళ్ళజోడు, నా కత్తెర, పాస్టరుగారి చేతితొడుగు దొరికాయి. పాస్టరుగారు ఎప్పుడు వచ్చారో నాకు తెలీదు. మీరు ఆయనకి మళ్ళీ ఉత్తరమేమైనా రాయలేదు కదా?

పుడ్డింగ్‌కి నా పంట్లాం మీద మోజు తీరలేదు. ఆ రోజు మీ కళ్ళముందే నా పంట్లాం కాల్లోకి పాకాడు కదా, ఇప్పుడదే అలవాటైంది. నేను మాంసం పెట్టడానికి పైకి వెళ్ళగానే ఎడమకాల్లోంచి దూరి మోకాలి దగ్గర నిద్రపోతాడు. నేను కదలను. ఇది నా ఇష్టంతో జరుగుతున్నది కాదని మీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలని నా మనవి.

ఇక అసలు సంగతి. అమ్మ ఒళ్ళో సంచి పెట్టి వాటిని దింపాను. ఏమీ అనలేదు. అవి పడుకున్నాయి. ఏమీ అనలేదు. ఆ రోజు సాయంత్రం ఎంతో ఆశగా కింద కూర్చున్నాను, కేకేస్తుంది, నిజం చెప్పేద్దామని. కేక రాలేదు. మర్నాడూ రాలేదు. ఇంతవరకూ రాలేదు. ఉన్న ఆ ఒక్క మాటా పోయింది హిల్డాగారూ. నేను మేలు చేయబోయి ఆవిడకి మిగిలిన కాస్త మతీ పోగొట్టానేమోనని బెంగగా ఉంది. ఏం చేయమంటారు?

ఇట్లు,
వాల్టర్

తా.క. అల్లం కేకు చాలా బాగుంది. సగం డోరీన్ దాచింది. ఎక్కడ దాచిందో చీమలు చెప్పాయి.


నెదర్ స్కెల్బీ,
జూన్ 17

వాల్టర్‌గారూ,

మీ ఉత్తరం చదివి నాకూ మనసు మనసులో లేదు.

ఆ గురువారం వచ్చినప్పుడే నాకు అనుమానం తగిలింది. మీ అమ్మగారు పుడ్డింగ్ వీపు మీద చెయ్యి వేశారు గానీ, ముద్దుచేసే చెయ్యి కాదది. దుకాణంలో గుడ్డ నాణ్యం చూసే చెయ్యి. మనిషికి ఇష్టం లేకపోతే మొహమాటంతో ఉంచుకోవద్దు. ఇష్టమని చెప్పి తీసుకెళ్ళి, కన్నాలున్న పెట్టెలో పెట్టి తెచ్చి దింపేసినవాళ్ళని ఎంతమందిని చూశానో! ప్రతిసారీ పుడ్డింగ్ ఆ పెట్టెలోంచి బయటికి రావడానికి రోజంతా పట్టేది. నేను ఫైలీ వెళ్ళిపోయాక వాణ్ణి దింపడానికి గుమ్మం కూడా ఉండదు. ఇష్టంలేని ఇంట్లో వాళ్ళని వదిలి వెళ్ళను. ఇది ఖచ్చితం.

పెనిస్టన్ ఆయన శనివారం వస్తానని కబురు పెట్టాడు. ఈలోపు మీరు మీ అమ్మగారిని సూటిగా అడగండి. గుమ్మం దగ్గర నిలబడి కాదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని అడగండి. ఏమన్నారో ఉన్నది ఉన్నట్టు నాకు రాయండి. తీపి మాట రాయొద్దు.

హిల్డా

తా.క. రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను. ఆ రోజు మీరు కొయ్యబారి నిలబడ్డంతసేపు మా సిరిల్ నిలబడి ఉంటే, మా ఇంట్లో ఇప్పుడొక కప్పు ఉండేది.


హెక్‌థార్ప్,
జూన్ 19

హిల్డాగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. కుర్చీ లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ ఒళ్ళో సంచిలోంచి డోరీన్ తల బయటపెట్టి నా వేలికేసే చూస్తోంది. అయినా కూర్చున్నాను. జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

“అమ్మా, ఫెర్రెట్లు నీకు నచ్చాయా?” అన్నాను.

“నాకు ఫెర్రెట్లంటే అసహ్యంరా,” అంది అమ్మ. ఎంత స్పష్టంగా అందంటే, నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా మాట్లాడారేమోనని. “మొదట్నుంచీ అసహ్యమే. కంపు. మీ నాన్న తెచ్చి ఒళ్ళో పడేసేవాడు, మంచాడు కదా అని భరించాను. ఆయన పోయినప్పుడు బోలెడు ఏడ్చాను. వాటిని పక్కింటాయనకి ఇచ్చేసిన రోజున మాత్రం కిటికీలన్నీ తెరిచి హాయిగా పడుకున్నాను.”

 “మరి రోజూ వాటికి తిండి పెట్టావా అని అడిగేదానివి కదమ్మా!” అన్నాను.

“అడిగేదాన్ని.”

“ఇంట్లో ఫెర్రెట్లే లేవు కదా!”

“లేవని నాకు తెలీదుట్రా? నాకు కాళ్ళు పోయాయి గానీ మతి పోలేదు. వాల్టర్, ఇలా రారా అని పిలిస్తే నువ్వొస్తావా? ఏం కావాలమ్మా అని కిందనుంచే అరుస్తావు. ఏమీ అక్కర్లేదంటే మళ్ళీ కుట్టుమిషను తొక్కుకుంటావు. ఓ రోజు మీ నాన్న గుర్తొచ్చి, నోరు జారి ఫెర్రెట్ల మాట అడిగాను. పాపం దీనికి మతి పోయిందనుకుని పరిగెత్తుకొచ్చావు. ఓహో, ఇదేదో బాగానే ఉందే అనుకున్నా. గుమ్మందాకానైనా వచ్చేవాడివి. రోజుకోసారి నీ మొహం కనబడేది.”

 సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపు కూడా వచ్చింది. నేను ఏడ్చి చాలా కాలమైంది, సరిగ్గా రాలేదు.

“మరి ఇప్పుడెందుకు అడగడం మానేశావమ్మా?” అన్నాను చివరికి.

“ఇప్పుడెందుకు అడగాలి? పొద్దున్నే మాంసం ముక్కలు పట్టుకొస్తావు. మళ్ళీ నీళ్ళు మార్చడానికొస్తావు. సంచి ఉతకాలని వస్తావు. ఆ ఒంటికన్నుది నీ కాలెక్కిందంటే కదలలేక ఇక్కడే నా మంచం పక్కన నిలబడిపోతావు. నేను చెప్పేదంతా వినక తప్పదు నీకు. ఇంక నేను గొంతు చించుకోవాల్సిన పనేముంది?”

ఆ సాయంత్రం నేను కిందికి రాలేదు. టీ అక్కడే తాగాం. అమ్మ నాకు తెలియని సంగతులు చాలా చెప్పింది. నేను పుట్టినరోజున నాన్న ఏం చేశాడో కూడా చెప్పింది, అది మీకు కలిసినప్పుడు చెబుతాను. కుర్చీ ఇప్పుడు పైనే ఉంది. మిషను కూడా పైకి మార్పిద్దామనుకుంటున్నాను.

మీరు తీపి మాట రాయొద్దన్నారు కనుక ఇదంతా రాశాను. అమ్మకి వాటిమీద ఇష్టం లేదు. నాకు భయం పోలేదు. మీ నియమం ప్రకారం మా ఇల్లు పనికిరాదు. కానీ హిల్డాగారూ, వాటిని పంపవద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను. పెనిస్టన్ ఆయనకి వద్దని చెప్పండి. అవి ఉన్నన్నాళ్ళూ చూసుకుంటాను. భయపడుతూనే చూసుకుంటాను.

ఇట్లు,
మీ
వాల్టర్

తా.క. ఈ ఉత్తరం పోస్టు చేసేముందు అమ్మకి చదివి వినిపించాను. దిండు మీంచి లేచి కూర్చుంది. “అసహ్యమని రాశావట్రా, వెర్రివాడా! ఆవిడ వచ్చి పట్టుకుపోదూ? కొట్టెయ్యి ఆ ముక్క!” అంది. కాబట్టి పైన రాసిందంతా కొట్టేసినట్టుగా భావించి చదువుకోగలరు. మా అమ్మకి ఫెర్రెట్లంటే పంచప్రాణాలు.